పిల్ల ఎక్కడ ఆగింది? ప్రాథమిక తరగతుల్లో పదాలు, ధారాళమైన చదువు

(ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయుల కోసం చేసిన ప్రసంగం. రానివాళ్ళు చదువుకోవడానికి రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినపడుతోందాండీ? సరే. బోర్డు మీద ఐదు వాక్యాలు రాసిపెట్టాను. ఇవాళ మనం మాట్లాడుకునేదంతా ఈ ఐదు వాక్యాల చుట్టూనే. ఒకసారి చదువుతాను, వినండి.

"చెరువు గట్టు మీద ఒక మర్రిచెట్టు ఉంది. ఆ చెట్టు తొర్రలో ముసలి గుడ్లగూబ ఉండేది. ఒకరోజు తొర్రలో ఎవరూ లేరనుకుని ఒక ఉడుత మెల్లగా లోపలికి తొంగిచూసింది. 'ఎవరది?' అని గుడ్లగూబ గద్దించింది. ఉడుత తోక ముడిచి పరుగో పరుగు."

మూడో తరగతి పిల్లలకు కష్టమైన కథేమీ కాదు కదా. మొత్తం 30 పదాలు. ఇప్పుడు దీన్ని ముగ్గురు పిల్లలు చదువుతున్నారనుకోండి. మొదటి పిల్ల: "చె... రు... వు... గటు మీద, ఒక... మరి... చెటు..." ఇలా సాగుతుంది. రెండో పిల్లవాడు గడగడా చదివేస్తాడు, ఎక్కడా తప్పు లేదు. "గుడ్లగూబ ఏం చేసింది నాన్నా?" అంటే "ఎగిరిపోయింది" అంటాడు. మూడో పిల్ల ప్రతి పదమూ సరిగ్గానే పలుకుతుంది, కానీ ఇలా: "ఒకరోజు తొర్రలో ఎవరూ. లేరనుకుని ఒక. ఉడుత మెల్లగా లోపలికి. తొంగిచూసింది." నవ్వుతున్నారు... అంటే ఈ మూడో పిల్ల మీ అందరి తరగతుల్లోనూ ఉంది.

ఈ ముగ్గురికీ మనం మామూలుగా ఏం చెప్తాం? "ఇంకా బాగా చదవాలి. ఇంటి దగ్గర పదిసార్లు చదువుకుని రా." ముగ్గురికీ ఒకే మందు. జబ్బులు మాత్రం మూడు. మొదటి పిల్ల అక్షరం దగ్గర ఆగుతోంది. రెండోవాడు మాట దగ్గర ఆగాల్సింది, ఆగకుండా దాటేశాడు. మూడో పిల్ల ఆగకూడని చోట ఆగుతోంది. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్ల ఎంత వేగంగా చదివిందన్నది తర్వాత చూద్దాం. ముందు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది? అది చూడండి. పదాలు నేర్పడం ఒక పీరియడు, చదివించడం ఇంకో పీరియడు అని మనం విడదీసుకున్నాం గానీ, పిల్ల ఆగినచోట ఆ రెండూ కలిసే ఉంటాయి.

ఎందుకు ఆగిందో తెలుసుకోవడం ఎలా? పెద్ద పరీక్షలు అక్కర్లేదు, పది సెకన్లు చాలు. పిల్ల "గద్దించింది" దగ్గర తడబడిందనుకోండి. పుస్తకం మూసి, ఆ మాట మీరే నోటితో అనండి: "గద్దించింది అంటే ఏం చేసింది?" పిల్ల వెంటనే చెప్పేసిందా, మాట వచ్చు, లిపి రాలేదన్నమాట. మొహం వెలవెల బోయిందా, అప్పుడు ఎన్ని ఒత్తులు నేర్పినా లాభం లేదు, మాటే తెలీదు. మాట తెలుసు, చదవడం కూడా వచ్చు, అయినా వాక్యం అర్థం కాలేదంటే పదాలను గుంపులుగా కట్టుకోవడం రాలేదు. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే ఒక లెక్కగా చెప్పారు. చదివి అర్థం చేసుకోవడం అంటే లిపిని మాటగా మార్చడం, ఆ భాష వింటే అర్థం కావడం, ఈ రెండింటి గుణకారం అన్నారు. కూడిక కాదండీ, గుణకారం. అంటే ఒకటి సున్నా అయితే మొత్తం సున్నాయే.

ముందు అక్షరం దగ్గర ఆగే పిల్ల సంగతి.

"గట్టు"ని "గటు" అంది, "మర్రి"ని "మరి" అంది. ఒత్తులు మింగేస్తోంది. మన ఒత్తుల్లో చాలావరకు తలకట్టు తీసేసిన ఆ అక్షరమే చిన్నదిగా కిందకి వస్తుంది. అవి పిల్లలు పోల్చుకోగలరు. క, త, న, మ, య, ర, ల, ఈ ఏడింటి ఒత్తులు మాత్రం అసలు అక్షరానికి పోలికే లేకుండా ఉంటాయి. పాఠాల్లో ఎక్కువగా వచ్చేవి కూడా ఇవే. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య, కర్ర, పిల్ల. చూడండి, చుట్టరికాలన్నీ అందులోనే ఉన్నాయి! కాబట్టి ఒత్తుల పట్టికను పై నుంచి కిందకి వరసగా నేర్పకండి. ఈ ఏడింటితో మొదలుపెట్టండి, వారానికి రెండు చొప్పున.

ఇంకో చిక్కుంది, దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. "ప్రియ" అనే మాట చూడండి. గుడి ఎక్కడుంది? ప మీద ఉంది. ర ఒత్తు కింద ఉంది. కంటికి ముందు కనిపించేది "పి". నోటికి మాత్రం ముందు ప్, తర్వాత ర్, ఆ తర్వాత ఇ. చూసే వరస వేరు, పలికే వరస వేరు. అందుకే పిల్ల "పిర్య" అనో "పిరియ" అనో అంటుంది. అది అజాగ్రత్త కాదండీ, కంటికి కనిపించిన వరసలోనే చదివింది పాపం. "సరిగ్గా చూసి చదువు" అంటే ఇంకా గట్టిగా "పిర్య" అంటుంది. దీనికి చేయాల్సింది: ముందు గుణింతం లేకుండా "ప్ర" రాయండి, చదివించండి. దాని మీద గుడి మీరే ఆమె కళ్ళముందు పెట్టి "ఇప్పుడేమైంది?" అని అడగండి. గుడి తుడిచి ఏత్వం పెట్టండి. తుడిచి కొమ్ము పెట్టండి. ప్ర, ప్రి, ప్రే, ప్రు. రెండు నిమిషాల పని. ఒత్తు ముందు, స్వరం చివర అన్నది సూత్రంగా వల్లె వేయించడం కంటే ఇలా చేతిలో చూపిస్తే నిలుస్తుంది.

గుణింతాల మాట వచ్చింది కాబట్టి... "క కా కి కీ" అని రాగం తీసి పాడే పిల్లను "కీ" ఒక్కటే చూపించి అడగండి. కొంతమంది పెదాలు కదులుతుంటాయి, గమనించారా? మొదటి నుంచి లోపల పాడుకుంటూ వచ్చి "కీ" దగ్గర ఆగుతారు. పాట వచ్చింది, అక్షరం రాలేదు. పాడటం తప్పని నేననను. కానీ పాడినంత సేపూ, అంతకంటే ఎక్కువ సేపూ, వరస తప్పించి చూపించాలి. కార్డులు కలిపేసి, మధ్యలోంచి తీసి.

జంటలుగా చదివించడం ఇంకా మంచిది. మెడ, మేడ. పడు, పాడు. గుడి, గుడ్డి. చెలి, చెల్లి. ఒక్క గీత మారితే అర్థం మారిపోతుందని పిల్లకు తెలియాలి. ఒత్తున్న మాటలే వరసగా ఎనిమిది ఇస్తే ఏమవుతుంది? నాలుగో మాట నుంచి చూడకుండానే ఒత్తి పలికేస్తుంది. అందుకే కలిపి ఇవ్వండి. రోజుకు మూడు నిమిషాలు, ఎనిమిది పదాలు. అంతే, అంతకు మించి వద్దు.

ఇదంతా ఎందుకు? 1974లో లాబెర్జ్, శామ్యూల్స్ అనే పరిశోధకులు చెప్పిన మాట ఒకటుంది: మనిషి దృష్టికి ఒక పరిమితి ఉంది. అది అక్షరాల మీదే ఖర్చయిపోతే అర్థానికి మిగలదు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయే పిల్లలను మీరు చూస్తూనే ఉంటారు. మన వాక్యాల్లో క్రియ చివర ఉంటుంది కదా, అందుకని మనకు ఈ నష్టం ఇంకాస్త ఎక్కువ. ఎవరు ఏం చేశారో తేలేది చివరి మాటలో. అక్కడికి చేరేసరికి పిల్ల అలసిపోయి ఉంటుంది.

సరే, లెక్క ఎలా పెట్టుకోవాలి? పిల్ల ఇంతకుముందు చూడని పేరా ఇవ్వండి. చూడనిది అని ఎందుకంటున్నానంటే, వాచకంలో పాఠమైతే సగంమంది కంఠతా చదువుతారు. వేలు ఒక పదం మీద ఉంటుంది, నోరు ఇంకో పదం మీద ఉంటుంది. అనుమానమొస్తే మధ్యలో ఒక పదం చూపించి "ఇదేంటి?" అనండి, తేలిపోతుంది. ఒక నిమిషం చదివించండి. మీ దగ్గర అదే పేరా ఇంకో కాగితం మీద ఉండాలి. తప్పు చదివిన పదం మీద అడ్డగీత కొట్టండి. ఒక మాట దగ్గర మూడు సెకన్లు ఆగిపోతే మీరే చెప్పేసి, అదీ తప్పుగా లెక్కవేయండి. తనంతట తాను దిద్దుకుంటే తప్పు కాదు. అసలు దిద్దుకుందంటే సంతోషించాలి, అర్థం చూసుకుంటూ చదువుతోందన్నమాట. ఇంట్లో ఎలా పలుకుతారో అలా పలికితే, ణ బదులు న, శ బదులు స, అదీ తప్పు కాదు. అది యాస, చదువు లోపం కాదు. దానికి గీత కొట్టారంటే లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు ఇద్దరు పిల్లలు. ఒకరు నిమిషంలో 28 పదాలు చదివి 4 తప్పులు చేశారు. సరైనవి 24. ఇంకొకరు 25 చదివి 1 తప్పు చేశారు. సరైనవి 24. రిజిస్టర్లో ఇద్దరికీ 24 అనే వేస్తాం. ఇద్దరూ ఒకటేనా? మొదటివారి కచ్చితత్వం 86 శాతం, రెండోవారిది 96 శాతం. నూటికి 95, ఆపైన వస్తే ఆ పేరా తనంతట తాను చదువుకోగలదు. 90 నుంచి 94 అయితే మన సాయంతో చదవగలదు. 90కి తగ్గితే ఆ పేరా ఆమెకు బరువు. ఇవి సుమారు హద్దులే, గీత గీసినట్టు చూడకండి. అయితే మొదటి పిల్లకు తేలిక పేరా ఇచ్చి అక్షరాల దగ్గర పనిచేయాలి. రెండో పిల్లకు అదే పేరా మళ్ళీ మళ్ళీ చదివిస్తే చాలు, వేగం వస్తుంది. ఒకే అంకె కింద రెండు వేర్వేరు పాఠాలున్నాయి.

ఇంకో జాగ్రత్త. ఇంగ్లీషు చదువు కోసం తయారైన "నిమిషానికి ఇన్ని పదాలు" పట్టికలు తెచ్చి మన పిల్లల మీద పెట్టకండి. మన మాటలు పొడుగు. బోర్డు మీది మొదటి వాక్యం చూడండి, 6 పదాలు, 15 అక్షరాలు. మూడో వాక్యం 9 పదాలు, 32 అక్షరాలు. మొదటిదానిలో పదానికి రెండున్నర అక్షరాలు, మూడోదానిలో మూడున్నర దాటింది. ఒకే కథలో ఒక వాక్యానికీ ఇంకో వాక్యానికీ ఇంత తేడా ఉంటే, భాషకూ భాషకూ మధ్య ఎంత ఉంటుంది? పోల్చుకోవాలంటే ఆ పిల్లను ఆమె పోయిన నెల లెక్కతో పోల్చండి, అదీ దాదాపు అంతే బరువున్న పేరాతో. గోడ మీద పేర్లు రాసి ఎవరెంత వేగమో చార్టు కట్టడం మాత్రం దయచేసి మానేయండి. అది కట్టిన వారంలోపే పిల్లలు పదాల చివరలు మింగడం మొదలుపెడతారు. మన భాషలో చివరలు పోతే ఏం మిగుల్తుంది? "చెట్టుకి", "చెట్టులో", "చెట్టుతో" అన్నీ "చెట్టే" అయిపోతాయి.

ముప్ఫైమంది ఉంటే ఇలా ఒక్కొక్కరినీ ఎప్పుడు వింటామని అడగబోతున్నారు కదా? రోజుకు ముగ్గురు. పది పనిదినాల్లో ముప్ఫైమందీ అయిపోతారు. మిగతావాళ్ళు జంటలుగా చదువుతున్నప్పుడే ఈ ముగ్గురినీ వినొచ్చు. జంటల సంగతికి ఇప్పుడే వస్తాను.

ఒకరి తర్వాత ఒకరు నిలబడి తలా ఒక వాక్యం చదవడం, ఇది మనందరికీ అలవాటు. లెక్క వేద్దాం. 40 నిమిషాల పీరియడు, 30 మంది. లేవడం, కూర్చోవడం, "ఎక్కడిదాకా అయింది?" అని వెతుక్కోవడం పోను ఒక్కో పిల్ల చదివేది నిమిషం కూడా ఉండదు. తన వాక్యం ఏదో ముందే లెక్కపెట్టుకుని దాన్నే చూసుకుంటూ ఉంటుంది, మిగతా కథ వినదు. అదే జంటలుగా కూర్చోబెట్టి పదిహేను నిమిషాలిస్తే ఒక్కొక్కరికి ఏడు నిమిషాలు దొరుకుతుంది.

జంటలు ఎలా కట్టాలి? బాగా చదివే పిల్లనీ అసలు రాని పిల్లనీ కలిపితే, వచ్చినవాళ్ళే మొత్తం చదివేస్తారు. రెండోవాళ్ళు తలూపుతూ కూర్చుంటారు. చదువు వరసలో 30 పేర్లు రాసుకోండి. మధ్యకు గీత గీయండి. ఒకటో పేరుకి పదహారోది, రెండో పేరుకి పదిహేడోది, అలా. తేడా ఉంటుంది, కానీ భరించగలిగినంత. వినే పిల్లకూ ఒక పని ఇవ్వాలి: జోడీ ఆగిపోతే మనసులో ఒకటి రెండు మూడు అనుకుని అప్పుడు మాట అందించడం. "తప్పు" అనకూడదు, ఉత్తినే సరైన మాట అనాలి. ఈ మూడు లెక్కపెట్టడం నేర్పకపోతే సగం సెకనులో అందించేస్తారు, చదివే పిల్లకు ఆలోచించే వ్యవధే ఉండదు.

అందరూ కలిసి చదవడం? మంచిదే, బెరుకు పోతుంది. కానీ అందులో దాక్కోవడం సులువు. పెదాలు చూడండి. ప్రతి పదానికీ చివరి అక్షరం దగ్గర మాత్రమే గొంతు కలిపే పిల్లలుంటారు. "...వు ...ట్టు ...ద." అలాంటి పిల్ల వెనక నిలబడి వినండి. ఆరుగురి గుంపు చేస్తే దాక్కోవడం కుదరదు.

ఇక ఆగకూడని చోట ఆగే పిల్ల. నా దృష్టిలో మనం ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది ఈ పిల్లనే. ఎందుకంటే తప్పు చదవదు కదా!

ఆమెకు వాక్యం ఇలా గీసివ్వండి: ఒకరోజు / తొర్రలో ఎవరూ లేరనుకుని / ఒక ఉడుత / మెల్లగా / లోపలికి తొంగిచూసింది. పెన్సిలుతో అడ్డగీతలు. మొదటి రోజు గీతలు మీరు పెట్టండి, మూడో రోజు పిల్లలే పెట్టాలి, తర్వాత గీతలు లేకుండా చదవాలి. గీతలు ఎక్కడ పెట్టాలన్న వాదన పిల్లల మధ్య వచ్చిందా, వదిలేయండి, వాదించుకోనివ్వండి. "ఒక / ఉడుత" అని ఎందుకు విరవకూడదో పిల్ల తన మాటల్లో చెప్పిందంటే వ్యాకరణం వచ్చినట్టే.

పుస్తకం తప్పు కూడా ఉంది ఇందులో. అచ్చులో పంక్తి ఎక్కడ అయిపోతే అక్కడ పిల్ల ఆగుతుంది. చిన్న తరగతులకు మీరు చార్టు రాసేటప్పుడు చోటు ఉన్నంతవరకు రాసుకుంటూ పోకండి, అర్థం విరిగిన చోట పంక్తి విరవండి. "తొర్రలో ఎవరూ" దగ్గర పంక్తి తెగితే ఆ పిల్ల చేసిన తప్పు మనం చేయించినదే.

"లేరనుకుని" మాటను చూడండి. లేరు, అనుకుని, రెండు కలిసిపోయాయి. "ఎవరది" కూడా అంతే, ఎవరు, అది. పిల్ల నోటికి ఈ మాటలు కొత్తవా? కాదు, రోజూ అంటుంది. అచ్చులో కలిసిపోయి కనిపిస్తే పోల్చుకోలేదు. సంధి పేరు, సూత్రం ఈ వయసులో వద్దు. బోర్డు మీద "లేరు అనుకుని" అని విడిగా రాయండి, రెండుసార్లు వేగంగా అనిపించండి. మూడోసారి తనే కలిపేస్తుంది. అప్పుడు కలిపి రాసి చూపించండి: "నువ్వు అన్నది ఇదే." ఇలాంటి మాటలు పాఠానికి రెండో మూడో ఉంటాయి, ముందే గుర్తుపెట్టుకుని వెళ్ళండి.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. నాలుగో వాక్యం. 'ఎవరది?' అని గుడ్లగూబ గద్దించింది. ఒకసారి మీలో మీరు బయటికి చదువుకోండి. "ఎవరది" ఏ గొంతుతో చదివారు? గట్టిగా చదివారు కదా. ఎలా తెలిసింది గట్టిగా చదవాలని? "గద్దించింది" అని ఉంది కాబట్టి. మరి "గద్దించింది" ఎక్కడుంది? మూడు మాటల తర్వాత ఉంది! మన భాషలో మాట ముందు వస్తుంది, ఆ మాట ఎలా అన్నారో వెనక వస్తుంది. కాబట్టి మొదటిసారి చదివే పిల్ల "ఎవరది" సరిగ్గా పలకడం దాదాపు అసాధ్యం. కన్ను నోటికంటే మూడు మాటలు ముందుండాలి, లేదా రెండోసారి చదవాలి. మళ్ళీ మళ్ళీ చదివించమని 1979లో ఇందాక చెప్పిన శామ్యూల్సే రాశారు. ఆయన చెప్పింది తడుముకోకుండా చదవడం గురించి. మనకు ఇంకో కారణం కూడా ఉంది, మన వాక్యం రెండోసారి చదివితే గానీ గొంతుకు అందదు.

ఇంకో సంగతి. రెండోసారి చదివినా, "గద్దించు" అంటే తెలియని పిల్ల "ఎవరది" ఏ గొంతుతో అంటుంది? బల్లపరుపు గొంతుతో అంటుంది. మొదట చెప్పానే, గడగడా చదివి "ఎగిరిపోయింది" అన్న పిల్లవాడు, వాడే. భావయుక్తంగా చదువు, భావయుక్తంగా చదువు అని ఎన్నిసార్లన్నా, మాట తెలియకపోతే భావం ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి మాటలు. ఈ 30 పదాల్లో ఏవి నేర్పాలి? కొత్తవన్నీ నేర్పుతానంటే ఒక్కటీ నిలవదు. ఉడుత, గుడ్లగూబ తెలియకపోతే బొమ్మ చూపించండి, ఐదు సెకన్లు. తొర్ర బోర్డు మీద గీసి చూపించండి, అయిపోయింది. "తొంగిచూడు", "గద్దించు", "తోక ముడుచు", ఈ మూడూ వేరు. ఇవి ఈ కథలోనే కాదు, రేపు ఇంకో కథలో వస్తాయి, నాలుగో తరగతిలో వస్తాయి. బొమ్మ గీస్తే పట్టుబడవు. పాఠానికి ఇలాంటివి మూడు, మహా అయితే ఐదు. అంతే.

"గద్దించు"కి అర్థం ఏమని రాయిస్తాం? "గర్జించు, అదిలించు." తెలియని మాటకు ఇంకో తెలియని మాట! పిల్లకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఒక వాక్యంలో చెప్పండి: "ఎదుటివాళ్ళు భయపడి ఆగిపోయేలా ఒక్కసారిగా గట్టిగా అడగడం లేదా అనడం." తర్వాత పక్క మాటలతో తేడా చూపించండి. మందలించడం అంటే తప్పు చేసినవాళ్ళకు ఇంకెప్పుడూ అలా చేయొద్దని చెప్పడం, అది మెల్లగా కూడా చెప్పొచ్చు. కసురుకోవడంలో విసుగుంటుంది. బతిమాలడం దీనికి పూర్తిగా ఎదురు. నాలుగూ బోర్డు మీద రాసి పిల్లలచేత "ఎవరది?" అనే ఒక్క మాటనే అనిపించండి, ఒకసారి గద్దిస్తూ, ఒకసారి కసురుకుంటూ, ఒకసారి బతిమాలుతూ. మందలిస్తూ "ఎవరది" అనడం కుదరదు, ఎవరో తెలియకుండా ఎలా మందలిస్తాం? ఆ సంగతి ఒక్క పిల్ల కనిపెట్టిందంటే ఆ మాట వచ్చేసినట్టే. చూశారా, ఇది పదాల పాఠమా, చదువు పాఠమా? నాలుగు నిమిషాల్లో రెండూ అయిపోయాయి.

తర్వాత అవును కాదు ప్రశ్నలు. "నిద్రపోతున్న పాపను గద్దిస్తారా? ఎందుకు?" "తలుపు తెరిచి ఉంటే తొంగిచూడాల్సిన పనుందా?" ఎందుకు అని అడగడం మరవకండి, లేకపోతే అందరూ కలిసి "కాదూ" అని అరుస్తారు, అంతటితో సరి.

సొంతవాక్యం రాయమనడం మాత్రం మొదటి రోజు వద్దు. ఏం రాస్తారో మీకు తెలుసు. "ఇది గద్దించు." "నేను గద్దించాను." వాక్యం ఉంది, అర్థం లేదు. సగం వాక్యం ఇవ్వండి: "కాపలావాడు పిల్లలను గద్దించాడు, ఎందుకంటే..." దాన్ని పూర్తిచేయాలంటే మాట అర్థం తెలిసితీరాలి.

ఇంట్లో మాట తెచ్చే పిల్ల ఉంటుంది. "పరుగెత్తింది" బదులు "ఉరికింది" అంటుంది. "అలా అనకూడదు" అనకండి. "మీ ఇంట్లో ఉరికింది అంటారు, పుస్తకంలో పరుగెత్తింది అని ఉంది, రెండూ ఒకటే" అనండి. ఆ పిల్లకు అర్థం అప్పుడే వచ్చేసింది, ఇక పని లిపితోనే. ఎంత సమయం కలిసొచ్చిందో చూడండి.

మాట నుంచి మాట పుట్టించడం పెద్ద ఆస్తి. గద్దించు, గద్దింపు. మందలించు, మందలింపు. బెదిరించు, బెదిరింపు. పలకరించు, పలకరింపు. నాలుగు చూపిస్తే ఐదోది పిల్లలే చెప్తారు. ఒకరు లేచి "ఆడించు, ఆడింపు" అంటారు. అది వాడుకలో లేదని చెప్పండి గానీ, పద్ధతి పట్టుకున్నందుకు మెచ్చుకోండి. మంచితనం, చిన్నతనం ఇంకో వరస. రెండు వారాలకు ఒక వరస చాలు.

ఒక్కసారి చెప్పి వదిలేస్తే ఏ మాటా నిలవదు. మర్నాడు ఒక నిమిషం, రెండు రోజులాగి ఒక నిమిషం, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి. మాటలు కాగితం ముక్కల మీద రాసి ఒక డబ్బాలో వేయండి. రోజూ బడి మొదలవగానే ఏవైనా రెండు తీసి అర్థం చెప్పకుండా అడగండి. చెప్పేస్తే పిల్లలు వింటారు, అడిగితేనే వెతుక్కుంటారు. వెతుక్కున్నదే నిలుస్తుంది.

వారం ఎలా నడపాలి? త్వరగా చెప్పేస్తాను. సోమవారం మీరు చదివి వినిపించడం, మూడు మాటలు నేర్పడం. మంగళవారం కలిసిపోయిన మాటలు విడదీయడం, మీరొక ముక్క చదివితే వాళ్ళు అనుసరించడం. బుధవారం గీతలు, జంటలు. గురువారం జంటలు, ఇప్పుడు గొంతుతో. శుక్రవారం అవే మాటలున్న కొత్త పేరా. దీన్ని మీరే రాయాలి, ఐదారు వాక్యాలు చాలు. పాత పేరా బాగా చదవడం గొప్ప కాదు, "గద్దించింది" కొత్తచోట కనిపించినప్పుడు ఆగకుండా వెళ్ళిందా అన్నదే చూడాలి. రోజుకు ఇరవై నిమిషాలకు మించకూడదు. మించితే నాలుగోసారి చదివేటప్పుడు కళ్ళు కిటికీ మీదుంటాయి.

ఇప్పుడు మీకు పని. మీ ముందున్న కాగితం మీద ఇంకో పేరా ఉంది, ఎనిమిది వాక్యాలు. పక్కవాళ్ళతో జట్టుకట్టండి. ముందు కలిసిపోయిన మాటల కింద గీత గీయండి. తర్వాత అడ్డగీతలు పెట్టండి. చివర నేర్పాల్సిన మూడు మాటలు ఎంచండి, నాలుగో మాట ఎందుకు వదిలేశారో పక్కన రాయండి. పది నిమిషాలు. ఆ వెనకాల ముగ్గురున్నారు కదా, ముగ్గురూ ఒక జట్టుగానే కూర్చోండి, ఫర్వాలేదు.